పుదుచ్చేరి ‘గోల్కోండ్’ : నేలకు ఒదిగిన కట్టడము

పుదుచ్చేరి పట్టణమున, సముద్రతీరమునకు అనతిదూరమున, శ్రీ అరవిందాశ్రమమునకు చెందిన వసతిగృహ మొకటి కలదు. దాని పేరు ‘గోల్కోండ్’. ఫ్రెంచివారి నోట మన గోల్కొండ ఆ రూపము దాల్చినది. తెలుగునాటి కోట పేరు తమిళదేశమున, ఆనాడు ఫ్రెంచి పతాకము క్రింద నున్న ఊరిలో, బొహీమియాలో పుట్టి టోక్యోలో స్థిరపడిన వాస్తుశిల్పి రూపించిన మేడకు ఎట్లు అబ్బినదను ప్రశ్న ఆసక్తికరమైనదే. అంతకంటె విచారింపదగిన ప్రశ్న వేరొకటి యున్నది. ఒక కట్టడము తాను నిలిచిన నేలకు తగియున్నదని యెప్పుడు చెప్పవచ్చును? దాని రూపమును జూచియా, దాని నడవడిని జూచియా? సొంతనేలను విడిచి తరతరాలుగా పరప్రాంతములందు స్థిరపడిన తెలుగువారు తమ సంఘభవనములను నిర్మించుకొనునప్పు డెల్ల ఈ ప్రశ్న ఎదురగుచున్నది. కావున ఈ మేడను కొంత నిదానించి పరిశీలించుట అప్రస్తుతము కాదు.

పేరు సంగతి ముందుగా చెప్పవలెను. 1930లలో ఆశ్రమవాసుల సంఖ్య పెరుగగా, వారికొక వసతిగృహము కావలసివచ్చినది. హైదరాబాదు సంస్థానమున ఉన్నతపదవులందుండి, 1937 నుండి 1941 వరకు ప్రధానమంత్రిత్వము నిర్వహించిన సర్ అక్బర్ హైదరీ ద్వారా, నిజాము ప్రభుత్వమునుండి లక్షరూపాయల విరాళము లభించినది. ఆ దాతృత్వమునకు గుర్తుగా భవనమునకు గోల్కొండ పేరు పెట్టిరి. గోల్కొండ అనగానే ఐరోపావారికి స్ఫురించునది కోట కాదు, వజ్రములు. నిజమునకు ఆ వజ్రములు కోటలో దొరికినవి కావు; కృష్ణాతీరమున కొల్లూరు, పరిటాల మున్నగు చోట్ల త్రవ్వినవి, గోల్కొండ అంగడికి వచ్చినవి. పేరు ఒకచోటిది, సరుకు మరియొకచోటిది. ఈ మేడకును ఆ కోటకును గల సంబంధమును అట్టిదే. ఇందు కుతుబ్‌షాహీ కమాను ఒక్కటియు లేదు, గుమ్మటము లేదు, మినారు లేదు. పేరును చూచి రూపమును ఊహించుకొని పోయినవారికి ఆశాభంగము తప్పదు. ఆ ఆశాభంగము మేలైనది.

దీనిని రూపించినది పెద్ద సంస్థ కాదు. జపానులో కొంతకాలము గడపిన ఫ్రెంచి ఇంజనీరు, ఆశ్రమమున పవిత్ర యను పేర ప్రసిద్ధుడు, ఫిలిప్ బార్బియే సాంతిలేర్ ద్వారా ఈ పని ఆంటొనిన్ రేమండ్ చేతికి వచ్చినది. రేమండ్ 1888లో క్లాద్నో పట్టణమున జన్మించి, అమెరికా చేరి, ఫ్రాంక్ లాయిడ్ రైట్‌తో ఇంపీరియల్ హోటలు నిర్మాణమునకై జపాను వెళ్ళి, అచ్చటనే సొంత కార్యాలయము పెట్టుకొన్నాడు. 1923 నాటి భూకంపము టోక్యోను నేలమట్టము చేసిన పిదప, 1924లో తనకై కాంక్రీటుతో ఇల్లు కట్టుకొన్నాడు. అయినను ఆతడు జపాను వడ్రంగులనుండి నేర్చినది కాంక్రీటునుండి నేర్చినదానికి తక్కువ కాదు. పుదుచ్చేరిలో పని నడపుటకు ఆతడు పంపినది ఇరువురిని. ఒకరు ప్యారిసులో లె కొర్బూజియే వద్ద పనిచేసి, మాస్కో మీదుగా టోక్యో చేరిన ఫ్రాంటిషెక్ సామర్. రెండవవారు అమెరికాలో పుట్టిన జపానుజాతీయుడు జార్జి నకషిమా. ఈయన తరువాత దారుశిల్పిగా లోకప్రసిద్ధుడైనాడు. రేమండ్ స్వయముగా 1938లో కొన్ని మాసములు పుదుచ్చేరిలో గడపెను. ఈ కొద్దిమంది పటములు గీయగా, కూలివాండ్రతోపాటు ఆశ్రమవాసులును చేతులు కలిపి కట్టిరి. 1937లో పునాది త్రవ్వకము మొదలై, యుద్ధకాలపు ఇబ్బందుల నడుమ 1940ల తొలి సంవత్సరములకు గాని భవనము రూపు గట్టలేదు. తలుపుల కొక్కెములకు, రెక్కల బిగింపులకు వలసిన ఇత్తడి కొరకు భక్తులిచ్చిన పాత్రలను కరగించి పోతపోసిరని చెప్పుదురు. ఈ కథను తరచుగా భక్తికి నిదర్శనముగా చెప్పుకొందురు. అది ఒక వడ్రంగిశాల పద్ధతికి నిదర్శనముగను గ్రహింపవచ్చును. కావలసిన వస్తువు అంగడిలో లేనప్పుడు దానిని పనిచోటనే తయారుచేసుకొనుట ఆ పద్ధతి.

ఇక కట్టడమునకు వత్తము. పుదుచ్చేరి ఇంచుమించు పండ్రెండవ అక్షాంశముపై నున్నది. ఏప్రిలు, ఆగష్టు మాసములలో మధ్యాహ్న సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. ఆ రెంటి నడుమ, అనగా వేసవి నడిమి మాసములందు, సూర్యుడు ఉత్తరమునకు జరిగి ఉత్తరపు గోడను తాకును. శీతకాలమున దక్షిణమునకు వ్రాలును. ఉదయము తూర్పుగోడను, సాయంకాలము పడమటిగోడను ఏటవాలుకిరణములు సూటిగా కాల్చును. ఈ చిన్న గణితమే ఈ మేడకు పునాది. భవనము తూర్పు పడమరలుగా సాగిన సన్నని పొడవైన పట్టె. ఎండకు గురియగు పొట్టివైపులు మూసివేయబడినవి. పొడవైన ఉత్తర దక్షిణ ముఖములు ఆసాంతము తెరువబడినవి. దక్షిణమున గదులు, ఉత్తరమున నడవ. మధ్య మెట్లు, స్నానపుగదులు గల భాగము రెండు పట్టెలను కలుపుచున్నది.

ముఖములు తెరువబడినవి అనుటలో అర్థము కిటికీ లున్నవని కాదు. అచ్చట గోడయే లేదు. నేలనుండి పైకప్పువరకు అడ్డపలకలు, రెక్కలవలె, వరుసలు వరుసలుగా బిగింపబడినవి. ఒక్క మీటను త్రిప్పినచో ఒక వరుస అంతయు ఒక్కమారుగా లేచును, వాలును. ఎండ సూటిగా వచ్చునపుడు వాల్చవచ్చును. గాలి వీచునపుడు ఎత్తవచ్చును. వాన కొట్టునపుడు మూయవచ్చును. ఈ ముఖములకు అద్దమును వాడలేదు. కిటికీకి మన వాఙ్మయమున గవాక్ష మనియు, వాతాయన మనియు రెండు పేర్లున్నవి. మొదటిది ఆకారమును చెప్పును, ఆవుకన్నువంటిదని. రెండవది పనిని చెప్పును, గాలికి దారి యని. నేడు మనము కట్టు గృహములలో గవాక్షములు మిగిలినవి, వాతాయనములు తగ్గినవి. గోల్కోండ్‌లో గవాక్ష మొక్కటియు లేదు. రెండు ముఖములును నిలువునా వాతాయనములే.

గదికిని నడవకును నడుమ టేకుకఱ్ఱ జరుపుతలుపు లున్నవి. పలకలు ఒకదాని వెనుక నొకటి సందుగప్పునట్లు అమర్చబడుటచే, చూపు పోదు, గాలి పోవును. సన్న్యాసివలె ఏకాంతము కోరువానికి ఏకాంతము దక్కినది, దక్షిణపుగాలికి దారి చెడలేదు. ఈ చిన్న ఉపాయములో జపాను గృహము కానవచ్చును. కాని దానిని జపాను అలంకారముగా తగిలింపలేదు. తీరపు ఉక్కకు మందుగా వాడిరి. ఈ వివేకము ప్రశంసింపదగినది.

పైకప్పు మరియు చమత్కారమైనది. చదునైన కాంక్రీటు శ్లాబు మీద, కొంత యెడము విడిచి, పలుచని కాంక్రీటు డొప్పలను వంపుగా పోతపోసి వరుసగా పరచినారు. అనగా కప్పునకు కప్పు. ఎండ పై కప్పును కాల్చును. నడుమ గాలి ఆడును. క్రింది కప్పు చల్లగా నుండును. తాటాకు కప్పు క్రింద బ్రతికినవారికి ఇది తెలియని సంగతి కాదు. ఆకుల పొరలనడుమ నిలిచిన గాలియే గదా ఆ కప్పునకు చలువ. కాంక్రీటు శ్లాబు మాత్రము ఎండను పగలెల్ల త్రాగి రాత్రియెల్ల క్రక్కును. రేమండ్ కాంక్రీటు వాడుటయే గాక, దాని దోషమును ఎరిగి వాడినాడు. తరువాతివారు శ్లాబును గ్రహించిరి, దానిపై గొడుగును విడిచిరి.

ఉత్తరమున దట్టమైన చెట్లతోటయు, దక్షిణమున అంత దట్టము కాని తోటయు ఏర్పరచుటచే, రెండువైపుల గాలికి వేడిమిలో భేదము కలిగి, గాలి లేని దినములందును గదులలో కొంత కదలిక పుట్టునని పరిశీలకులు చెప్పుదురు. అనగా తోట అలంకారము కాదు, కట్టడములోని యంత్రభాగము. లోపలిగోడలకు ఆల్చిప్పల పొడి కలిపిన సున్నపు మెరుగుపూత పూసిరి. నేలకు నల్లని కడపబండలు పరచిరి. పేరునందు గోల్కొండ, పాదముల క్రింద కడప! తెలుగునేలతో ఈ మేడకు గల నిజమైన చుట్టరికము పేరులో కంటె ఈ బండలలోనే హెచ్చు. వట్టికాళ్ళతో కడపబండపై నడిచినవారికి దాని చలువ వర్ణించి చెప్పనక్కరలేదు.

ఈ కట్టడమును గూర్చి రెండు తెఱగుల మాటలు వినబడుచున్నవి. భారతదేశమున ఆధునిక వాస్తునకు ఇది తొలి ఉదాహరణములలో నొకటి యనియు, లె కొర్బూజియే చండీగఢ్ పని 1951లో చేపట్టుటకు ఏండ్ల ముందే వెలసినదనియు కొందరు కీర్తించుచున్నారు. కాలక్రమము సత్యమే. కాని ముందుగా వచ్చుట ఒక గుణము కాదు. ఇది పరదేశీయము, దీనియందు మన సంప్రదాయచిహ్న మేదియు లేదని మరికొందరు పెదవి విరుచుచున్నారు. ఈ రెండు మాటలకును దోష మొక్కటే: ఇరువురును ముఖమునే చూచుచున్నారు. మేడ తన పని నెట్లు చేయుచున్నదని అడుగుట లేదు.

మన సంప్రదాయ మనునది ఏది? తెలుగువాని యిల్లు ఎట్లుండును? దీనికి ఒక్క సమాధానము లేదు. గోదావరి లంకలందు, యానాం పరిసరములందు, మండువా లోగిలి కలదు. పెంకుల కప్పు నాలుగు వైపులనుండి లోపలికి వాలి, వాననీటిని నడిమి మండువాలోనికి దింపును. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములందు చుట్టిల్లు కలదు; గుండ్రని గోడ, ఇంచుమించు నేలనంటు చూరు, గాలివానకు పట్టు చిక్కని ఆకారము. రాయలసీమలో మట్టిమిద్దె కలదు. దూలములపై కఱ్ఱచెక్కలు పరచి, చౌడుమట్టి దిమ్మిసకొట్టిన చదునైన కప్పు. వాన తక్కువైన ఆ సీమకు వాలుకప్పుతో పనిలేదు. ఈ మిద్దెకు తోడబుట్టినది తీరాంధ్రమున లేదు. ఎచ్చట నున్నదనగా, షోలాపూరు ప్రాంతపు మెట్టభూములలో నున్నది. దానిని మరాఠీవారు ‘ధాబ్యాచే ఘర్’ అందురు. భాష వేరు, మట్టి యొక్కటి. తెలంగాణమునుండి షోలాపూరు చేరిన పద్మశాలీలు తమ గుంటమగ్గములను అట్టి పీఠభూమిపై పాతుకొన్నప్పుడు, ఇల్లు కట్టుటలో వారు కొత్తగా నేర్వవలసిన దంతగా లేదు. మగ్గపు గుంటలోని తేమ నూలు తెగకుండ కాపాడునను ఎరుక వారితోనే వచ్చినది.

అనగా, తెలుగుభాష యొక్కటి గాని, తెలుగువాని యింటికప్పు ఒక్కటి కాదు. అది నేలను బట్టి, వానను బట్టి, గాలిని బట్టి మారినది. అట్టి మార్పే మన పూర్వుల సంప్రదాయ మని గ్రహించినచో, గోల్కోండ్ మన సంప్రదాయమునకు పరాయిది కాదని తేలును. దానిని కట్టినవారికి తెలుగు రాదు, తమిళము రాదు. వారు సూర్యుని గమనమును, గాలి దిక్కును చదివిరి. చుట్టిల్లు కట్టిన బెస్తవాడు చదివినదియు ఆ వాచకమునే.

ఇంత మెచ్చినంత మాత్రమున దోషములను దాచుట విమర్శకు తగదు. ఆ రెక్కలు ఆస్‌బెస్టాస్ సిమెంటుతో చేయబడినవి. ఆస్‌బెస్టాస్ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని నేడు లోకమెరిగినది; ఆనాడు గృహనిర్మాణమున దానిని నిస్సంకోచముగా వాడిరి. కావున పద్ధతి అనుకరింపదగినది, పదార్థము కాదు. రెండవది, ఇందలి నాణ్యమున కొంతభాగము జీతము కోరని చేతులు, తొందర యెరుగని కాలము ఇచ్చిన వరము. సామాన్య గృహస్థునకు, సంఘమునకు ఆ రెండును లభింపవు. మూడవది, ఇది ఒంటరివారి నివాసము. వంట వేరొకచోట, భోజనము వేరొకచోట. రుబ్బురోలు, ఊయెల, ఆరవేసిన బట్టలు, గొడవచేయు పిల్లలు గల సంసారమును ఈ గదులు ఎరుగవు. అన్నిటికంటె పెద్ద లోటు, దీనికి అరుగు లేదు. వీధివైపు మౌనముగా గోడ నిలిపి, ముఖమును తోటకు త్రిప్పుకొన్న మేడ యిది. దారిన పోవువాడు కూర్చుండి మంచిచెడ్డలు మాటాడుకొనుటకు చోటులేని యింటిని తెలుగువాడు గాని, తమిళుడు గాని సంపూర్ణమైన యిల్లని ఒప్పుకొనడు. తమిళుల వీధులలో ‘తిణ్ణై’ అనునది మన అరుగే గదా.

ఖర్చు విషయమున గోల్కోండ్‌కు సరియైన పూరకము కేరళమున దొరకును. 1945లో ఇంగ్లండునుండి భారతదేశమునకు వచ్చి, కుష్ఠురోగుల సేవతో ప్రారంభించి, హిమాలయపు పిథోరాగఢ్‌లో ఏండ్లతరబడి గడపి, 1970 ప్రాంతమున తిరువనంతపురమున స్థిరపడి, 2007లో మరణించిన లారీ బేకర్‌కు కార్యాలయ మనదగినదే లేదు. చిత్తుకాగితముల మీద గీసి, తాపీమేస్త్రీల ప్రక్కన నిలబడి కట్టించెడివాడు. ఇల్లు కట్టుటకు వలసిన సామగ్రి అయిదుమైళ్ళలోపల దొరకవలె నను గాంధీజీ మాటను తాను జీవితాంతము పాటించితినని ఆతడు చెప్పెడివాడు. ఇటుకలను నిలువుగా నిలిపి నడుమ బోలు విడిచెడి కట్టుబడిలో ఇటుకలు నాలుగవవంతు ఆదా యగును. ఆ బోలు వేడిని ఆపును. శ్లాబులో క్రిందివైపు పాతపెంకులను పొదిగి కాంక్రీటును తగ్గించెడివాడు. కిటికీ చట్రముల ఖర్చు మిగిల్చి, ఇటుకల నడుమ సందులు విడిచి జాలీగోడలు కట్టించెడివాడు. తిరువనంతపురపు అభివృద్ధి అధ్యయన కేంద్రమున ఈ పద్ధతు లన్నియు కానవచ్చును. 1985లో ఏర్పడిన కాస్ట్‌ఫోర్డ్ సంస్థ ఆ మార్గమును కొనసాగించినది. అయిదుమైళ్ళ కొలతతో చూచినచో గోల్కోండ్ తప్పును; ఉక్కును సిమెంటును పుదుచ్చేరి ఇసుకలో పండలేదు. అయినను రెంటిలోను గాలికి దారి యిచ్చు గోడయే ప్రధానము. ఒకచోట మీటతో త్రిప్పెడి రెక్క, వేరొకచోట ఇటుకల నడుమ సందు. పేదవానికి రెండవది అందుబాటులోనిది.

ఇపుడు అసలు గోల్కొండకు మరలి చూతము. 1990ల తరువాత ఆ కోటకు పడమటగా హైదరాబాదు పెరిగి, అద్దాల మేడలు బారులు తీరినవి. దక్కను ఎండను అద్దముతో ఆహ్వానించి, యంత్రముతో బయటికి నెట్టుట అచ్చటి పద్ధతి. గోల్కొండ పేరు పెట్టుకొన్న పరదేశపు మేడలో గాజుపలక లేదు. గోల్కొండ నీడనున్న మేడలలో గాజుపలక తప్ప వేరొకటి లేదు! వైభవమునకు గుర్తుగా అద్దమును ఎన్నుకొన్నవారికి, గాలి తమ చేతినుండి జారినదను సంగతి తోచినట్లు లేదు.

ఇది హైదరాబాదు తప్పు మాత్రమే కాదు. బరంపురమున, బెంగుళూరున, చెన్నపట్టణమున, షోలాపూరున తెలుగువారు సంఘభవనమునకు చందాలు పోగుచేయునప్పుడు మొదట తలచునది ముఖద్వారమున సిమెంటుతో కాకతీయ తోరణము. తోరణము వెనుక ఏమున్నదనగా, తరచుగా ఒక పెట్టె: నాలుగు గోడలు, చదునైన శ్లాబు, పంకాలు. ఓరుగల్లు తోరణము రాతిలో చెక్కబడి, తన గుడికి నాలుగుదిక్కుల నిలిచినప్పుడు దానికొక పని యుండెను. బరంపురము గాలివానలో సిమెంటు తోరణమునకు పని యేమి? అది మన గుర్తు కాదా యని అడుగవచ్చును. గుర్తు వలదని ఎవ్వరును అనరు. పరప్రాంతమున పెరుగు పిల్లలకు ఓరుగల్లు పేరు వినబడవలసినదే. కాని ఆ పేరు గోడపై వ్రాయవచ్చును, లోపల పటముగా తగిలింపవచ్చును. గోల్కోండ్ కట్టినవారు గోల్కొండను పేరులో ఉంచి, గోడలలో గాలిని ఉంచినారు. చందాసొమ్ము పరిమితమైనప్పుడు ముందుగా కొనవలసినది పడమటిగోడకు నీడ, శ్లాబుపై రెండవ కప్పు, వీధివైపు పదిమంది కూర్చుండు అరుగు. తోరణమునకును రెండవ కప్పునకును అగు ఖర్చులను మేస్త్రీచేత ప్రక్కప్రక్కన లెక్కవేయించి, ఆ కాగితమును సర్వసభ్యసమావేశమున చదివి వినిపించిన పిదపనే శంకుస్థాపనకు ముహూర్తము నిర్ణయించుట మేలు.